హాలియార్డ్ తాళ్లను కాక్‌పిట్‌లోకి తెచ్చుకోవడం: డెక్ పరికరాల బిగింపుపై సమగ్ర మార్గదర్శి

నాగార్జునసాగర్ జలాశయం మీద తెరచాప పడవ నడిపేవారికి ఏప్రిల్, మే నెలల సాయంత్రాల గురించి వేరే చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నమంతా ఆకు కదలదు. నాలుగు దాటాక కొండల మీద మబ్బు కమ్ముతుంది, చూస్తుండగానే గాలిదుమారం నీటి మీదికి దిగుతుంది. రెండేళ్ల క్రితం అటువంటి ఒక సాయంత్రం మా 22 అడుగుల పడవలో పెద్ద తెరచాపను దించడానికి నేను కాక్‌పిట్, అంటే పడవ వెనుక కూర్చొని నడిపే చోటు, వదిలి, ఒరిగిపోతున్న క్యాబిన్ కప్పు మీద పాకుతూ మాస్ట్ (తెరచాప స్తంభం) దాకా వెళ్లవలసి వచ్చింది. హాలియార్డ్, అంటే తెరచాపను పైకి లాగే తాడు, మాస్ట్‌కు ఉన్న క్లీట్ (తాడు చుట్టి కట్టే కొక్కెం) మీద తడిసి బిగుసుకుపోయింది. దాన్ని విప్పేలోగా బూమ్, అంటే తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డకర్ర, వచ్చి నా భుజానికి తగిలింది. చుక్కాని దగ్గర ఉన్న తమ్ముడు నా వంక చూడాలో, గాలి వంక చూడాలో తెలియక నిలబడిపోయాడు. ఒడ్డు చేరాక, ఆ తాళ్లన్నింటినీ వెనక్కి, చుక్కాని పట్టుకున్న మనిషి చేతికందే దూరానికి తేవాలని నిర్ణయించుకున్నాం.

ఆ పనిని మేమే హిల్ కాలనీలో ఇంటి ముందు వేపచెట్టు నీడన, పడవను ట్రైలర్ మీద పెట్టుకొని పూర్తి చేశాం. అందులో నాకు బోధపడిన ముఖ్యమైన విషయం ముందే చెబుతాను. గిరకలు, క్లచ్‌లు (తాడును నొక్కి పట్టే బిగింపులు), వించ్‌లు (తాడు చుట్టి హ్యాండిల్‌తో బిగించే డ్రమ్ములు) డబ్బు పెడితే దొరుకుతాయి, కానీ వాటి కోసం డెక్‌కు, అంటే పడవ పై తలానికి, వేసే రంధ్రాలను ఎంత శ్రద్ధగా మూసుకుంటామన్నదాని మీదే పడవ ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో పరికరాల కన్నా రంధ్రాల గురించి ఎక్కువ ఉంటుంది.

ఏ తాళ్లు తేవాలి

చాలామంది పెద్ద తెరచాప హాలియార్డ్ ఒక్కదాన్ని వెనక్కి తెచ్చి ఊరుకుంటారు. అలా చేస్తే సగం పనే అయినట్టు. గాలి పెరిగినప్పుడు తెరచాపను పూర్తిగా దించడం కన్నా ముందు కుదించుకోవడం అవసరమవుతుంది. ఆ కుదింపు తాళ్లు మాస్ట్ దగ్గరే ఉండిపోతే మళ్లీ ముందుకు పాకవలసిందే. అందువల్ల పెద్ద తెరచాప హాలియార్డ్, దాని మొదటి కుదింపు తాడు, ముందు తెరచాప హాలియార్డ్, ముందు తెరచాపను కిందికి గుంజే సన్నని తాడు, ఈ నాలుగూ వెనక్కి రావాలి. చివరి తాడును చాలామంది లెక్కలోకి తీసుకోరు. హాలియార్డ్ వదిలినంత మాత్రాన ముందు తెరచాప కిందికి జారదు, గాలికి సగంలో కొట్టుకుంటూ నిలబడిపోతుంది. తెరచాప తల నుంచి ముందు తీగ వెంబడి దిగి, పడవ ముక్కు దగ్గర ఒక చిన్న గిరక మీదుగా వెనక్కి వచ్చే 5 మిల్లీమీటర్ల తాడు ఆ ఇబ్బందిని తీరుస్తుంది.

తాడు దారి ఇలా ఉంటుంది. హాలియార్డ్ మాస్ట్ కొన మీది చక్రం దాటి కిందికి దిగి, మాస్ట్ పాదం దగ్గర ఒక గిరక మీద మలుపు తీసుకొని క్యాబిన్ కప్పు మీదుగా పక్కకు పోతుంది. అక్కడ రెండు మూడు చక్రాలు పక్కపక్కన ఉండే డెక్ ఆర్గనైజర్ దాన్ని వెనక్కి మళ్లిస్తుంది. క్యాబిన్ కప్పు వెనుక అంచున రోప్ క్లచ్ దాన్ని పట్టి ఉంచుతుంది. క్లచ్ వెనుక వించ్ ఉంటే చివరి బిగువు దానితో ఇస్తాం.

బరువు లెక్క

మోటబావి చూసినవారికి ఈ లెక్క కొత్త కాదు. బావిలోని మోట బరువు ఒక వైపు, ఎడ్లు లాగే బలం ఇంకొక వైపు, ఆ రెండూ కలిసి గిరక మీదే పడతాయి. నీటి బరువు ఒక్కదానికే అయితే గిరకను మోసే దూలాలు అంత లావుగా ఉండనక్కర్లేదు. పడవలోనూ అంతే. తాడు మీద ఎంత బిగువుందో గిరక మీద కూడా అంతే పడుతుందనుకోవడం పొరపాటు, అది తాడు ఎంత కోణం తిరిగిందన్నదాన్ని బట్టి మారుతుంది. తాడు 30 డిగ్రీలు మళ్లితే గిరక మీద తాటి బిగువులో సుమారు 52 శాతం పడుతుంది. 45 డిగ్రీలకు 77 శాతం, 60 డిగ్రీలకు సరిగ్గా బిగువంత, 90 డిగ్రీలకు 141 శాతం, తాడు పూర్తిగా వెనక్కి తిరిగితే తాటి బిగువుకు రెట్టింపు పడుతుంది.

మాస్ట్ పాదం దగ్గర మలుపు దాదాపు 90 డిగ్రీలు. హాలియార్డ్ బిగువు 200 కిలోలు అనుకుంటే ఆ గిరక మీద పడేది 283 కిలోలు. అందులో 200 కిలోలు గిరకను నిట్టనిలువునా పైకి ఎత్తే బలం. హాలియార్డ్‌లు రెండైతే 400 కిలోల బలం డెక్‌ను పైకి గుంజుతుంది. గిరకలను మాస్ట్ పక్కన డెక్‌కు నేరుగా బిగించడం ఎందుకు మంచిది కాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. వాటిని మాస్ట్ పాదం కింద ఉండే స్టీలు పలకకు తగిలిస్తే, పైకి ఎత్తే బలాన్ని మాస్ట్ కిందికి నొక్కే బలమే ఎదుర్కొంటుంది, డెక్‌కు ఆ పోట్లాటతో సంబంధం ఉండదు. మాస్ట్ డెక్ మీద కాకుండా డెక్‌లోంచి దిగి అడుగున నిలిచే పడవల్లో ఆ పలక ఉండదు. అటువంటి పడవల్లో గిరకలను మాస్ట్‌కే బిగించాలి, లేదా డెక్‌ను మాస్ట్‌తో కట్టిపడేసే ఇనుప కడ్డీని లోపల అమర్చాలి.

మా పడవ పాదం పలకకు గిరకలు తగిలించే రంధ్రాలు లేవు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల యంత్రాలు బాగుచేసే ఒక లేత్ వర్క్‌షాపులో 5 మిల్లీమీటర్ల మందం ఉన్న 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో, చెవులున్న పలకను చేయించుకున్నాం. కొలతలు నోటితో చెబితే సరిపోదు. అట్టముక్కను కత్తిరించి, మాస్ట్ పాదం కింద పెట్టి చూసి, ఆ అట్టనే మేస్త్రీ చేతికి ఇవ్వాలి. చెవులను తాడు పోయే దిక్కుకు అనుగుణంగా కొద్దిగా వంచితే గిరక పక్కకు వాలకుండా ఉంటుంది.

దారాలతో దారి గీయడం

డ్రిల్ చేతిలోకి తీసుకునే ముందు ఒక పూట దీనికి కేటాయించండి. మాస్ట్ నిలబెట్టి, ప్రతి తాటికీ ఒక దారం కట్టి, పరికరాలను రెండు వైపులా అంటుకునే టేపుతో డెక్ మీద నిలిపి, దారాన్ని పాదం నుంచి క్లచ్ దాకా లాగి చూడాలి. దారం ఎక్కడా పైకప్పు చేతికడ్డీకి గానీ, జరిపే మూతకు గానీ రాసుకోకూడదు. ఆర్గనైజర్ చక్రం మధ్యలోంచి పోవాలి తప్ప దాని పక్క చెంపను ఒరుసుకోకూడదు. ఆర్గనైజర్ ఎత్తూ, క్లచ్ నోటి ఎత్తూ సమానంగా ఉండాలి. కప్పు వంపుగా ఉండి ఎత్తులు కలవకపోతే, తక్కువగా ఉన్నదాని కింద టేకు చెక్కతో గానీ ఫైబర్ షీటుతో గానీ దిమ్మ వేసుకోవాలి.

వించ్ స్థానం దగ్గర అందరూ చేసే ఒక తప్పుంది. క్లచ్‌ల వరుస మధ్య గీతను వించ్ మధ్య బిందువుకు ఎదురుగా పెడతారు. వించ్ పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతుంది కాబట్టి, ముందు నుంచి వచ్చే తాడు దాని కుడి అంచునే తాకాలి. పడవ ముక్కు వైపు తిరిగి నిలబడినప్పుడు మన కుడి చేతి వైపున్న అంచు అది. పడవ ఎడమ పక్కన పెట్టిన వించ్‌కైనా ఇదే నియమం. కాబట్టి క్లచ్‌ల మధ్య గీత డ్రమ్ము కుడి అంచుకు ఎదురుగా రావాలి. ఇంకొక సంగతి, తాడు డ్రమ్ము మీదికి కొద్దిగా కింది నుంచి పైకి ఎక్కుతూ రావాలి. తాటికీ డ్రమ్ము ఇరుసుకూ మధ్య కోణం 90 కన్నా 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ ఉండేలా, అవసరమైతే వించ్ కింద ఏటవాలు దిమ్మ పెట్టాలి. లేకపోతే చుట్టు మీద చుట్టు ఎక్కి తాడు బిగుసుకుపోతుంది, అదీ సరిగ్గా గాలి ఎక్కువైన క్షణంలోనే. 10 అంగుళాల హ్యాండిల్ గుండ్రంగా తిరగడానికి చోటుందో లేదో, క్లచ్ పిడి పూర్తిగా తెరిచినప్పుడు జరిపే మూతకు తగులుతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

అన్నీ కుదిరాక డెక్ లోపలి వైపుకు వెళ్లి, ప్రతి రంధ్రం ఎక్కడికి దిగుతుందో కొలవండి. దీపం తీగ, అడ్డుగోడ, కిటికీ చట్రం, వీటిలో ఏదో ఒకటి తప్పకుండా అడ్డం వస్తుంది. నట్టు బిగించే పానా పట్టే చోటు లేని రంధ్రం అక్కరకు రాదు.

రంధ్రం

ఫైబర్‌గ్లాస్ డెక్ ఒకే ముద్ద కాదు. పైన ఒక పలుచని పొర, కింద ఇంకొకటి, మధ్యలో బాల్సా చెక్కో, ప్లైవుడో, ఫోమో ఉంటుంది. రంధ్రం వేసి బోల్టు బిగిస్తే రెండు చిక్కులు ఎదురవుతాయి. మధ్య చెక్క మెత్తన కాబట్టి బోల్టు బిగించేకొద్దీ డెక్ నొక్కుకుపోతుంది. సీలెంట్, అంటే నీరు దూరకుండా పూసే లేపనం, ఏ కొంచెం వదులైనా నీరు చెక్కలోకి దిగి, పైకి కనిపించకుండా చుట్టూ పాకుతుంది. మా పడవలో పాత క్లీట్‌ను ఊడదీసినప్పుడు నేను అది కళ్లారా చూశాను. దాన్ని అంతకుముందు సిలికాన్ పూసి బిగించింది నేనే. స్క్రూ వెంట వేలెడు పొడవున బయటికి వచ్చిన బాల్సా నల్లబడి, నానిన తవుడులా వేళ్ల మధ్య నలిగింది, దాన్నుంచి కుళ్లిన గడ్డి వాసన వచ్చింది. ఒక్క స్క్రూ చుట్టూ అరచేయంత మేర చెక్క పోయింది. సిలికాన్ ఇంటి కిటికీలకు సరిపోతుందేమో గానీ బరువు మోసే డెక్ పరికరం కింద అది నిలవదు, పైగా దాని జిడ్డు ఉన్నచోట ఆ తర్వాత వేరే ఏదీ సరిగా అంటుకోదు.

సరైన పద్ధతి ఇది. ముందుగా 3 మిల్లీమీటర్ల డ్రిల్‌తో పై నుంచి కిందికి దారి వేసుకొని, లోపలికి వెళ్లి అది అనుకున్న చోటే దిగిందని నిర్ధారించుకోవాలి. తర్వాత బోల్టు కొలతకు, ఉదాహరణకు 6 మిల్లీమీటర్లకు, రంధ్రాన్ని పెంచాలి. ఇప్పుడు ఒక గట్టి మేకును కొసన లంబంగా వంచి, తల కోసేసి డ్రిల్‌కు బిగించండి. వంపు కొస రంధ్రంలో పట్టేంత ఉంటే చాలు. దాన్ని లోపలికి దింపి నెమ్మదిగా తిప్పితే పై పొర, కింది పొర చెడకుండా మధ్యలోని చెక్క మాత్రమే పొట్టుగా బయటికి వస్తుంది. చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల మేర చెక్క పోయేదాకా తిప్పాలి. వచ్చిన పొట్టును ఊదేయకుండా ఒక తెల్ల కాగితం మీద పోసి చూడండి. పొడిగా, లేత రంగులో ఉంటే ముందుకు సాగవచ్చు. తడిగా, నల్లగా ఉంటే అక్కడితో పని ఆపి, మంచి చెక్క తగిలేదాకా తొలిచి, కొన్ని రోజులు ఆరనివ్వాలి. ఆ విషయంలో నల్లగొండ ఎండ మనకు పెద్ద సహాయం.

కింది రంధ్రాన్ని లోపలి వైపు నుంచి టేపుతో మూసి, ముందు పలుచని ఎపాక్సీని (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కొద్దిగా పోసి చెక్క అంచులు పీల్చుకోనివ్వాలి. ఆ తర్వాత కొల్లాయిడల్ సిలికా పొడి కలిపి వెన్నలా చిక్కబరిచిన ఎపాక్సీని సిరంజితో అడుగు నుంచి పైకి నింపాలి. పై నుంచి పోస్తే గాలి బుడగ లోపలే ఉండిపోతుంది. మన ప్రాంతంలో ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. డబ్బా మీద రాసి ఉండే పని సమయం సాధారణంగా 25 డిగ్రీల వేడికి చెప్పినది, 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ అది దాదాపు సగమవుతుంది. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో కలిపిన ఎపాక్సీ గిన్నెలోనే పొగలు కక్కి రాయిగా మారిపోతుంది. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ముగించాలి. ఒకేసారి ఎక్కువ కలపకుండా రెండు మూడు రంధ్రాలకు సరిపడా మాత్రమే, వెడల్పాటి పళ్లెంలో కలుపుకోవాలి. లోతైన రంధ్రాన్ని రెండు విడతల్లో నింపాలి. ఒక రోజు గడిచాక ఆ గట్టి ముద్ద మధ్యలోంచి బోల్టు కొలతకు మళ్లీ రంధ్రం వేస్తే, ఇక బోల్టు చుట్టూ చెక్క అనేదే ఉండదు. సీలెంట్ ఎప్పుడైనా ఓడినా నీరు క్యాబిన్‌లోకి కారుతుంది గానీ డెక్ లోపలికి పాకదు.

పై అంచును కౌంటర్‌సింక్ బిట్టుతో చిన్న గరాటులా చెక్కడం మరిచిపోవద్దు. ఆ గరాటులో నిలిచే సీలెంట్ బోల్టు మెడ చుట్టూ రబ్బరు ఉంగరంలా పనిచేస్తుంది. రంధ్రం అంచులు నిటారుగా ఉంటే, బిగించినప్పుడు సీలెంట్ అంతా బయటికి నెట్టుకుపోయి కాగితమంత పొర మాత్రమే మిగులుతుంది.

అడుగు పలకలు, సీలెంట్, బిగింపు

ప్రతి పరికరం కింద, డెక్ లోపలి వైపున, పరికరం అడుగు కన్నా పెద్దదైన పలక ఉండాలి. వాషర్ల మీద ఆధారపడవద్దు. దీనికి గ్లాస్ ఎపాక్సీ షీటు చాలా మంచిది. తుప్పు పట్టదు, వంగదు, రంపంతో కోయవచ్చు. విద్యుత్ ప్యానెళ్లలో విద్యుత్ నిరోధకంగా వాడేది కూడా ఇదే కాబట్టి ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణాల్లో అడిగితే దొరుకుతుంది. 6 మిల్లీమీటర్ల మందం మా పడవకు సరిపోయింది. 316 రకం బోల్టులు, లోపల నైలాన్ ఉంగరం ఉండే లాక్ నట్లు మాకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికాయి. క్లచ్‌లు, ఆర్గనైజర్లను మాత్రం హార్కెన్, స్పిన్‌లాక్, లూమార్ వంటి కంపెనీల నుంచి తెప్పించుకోవలసిందే. వాటిని ఎంచుకునేటప్పుడు క్లచ్ మీద రాసిన తాటి మందం పరిధిలో మీ తాడు మధ్యలో పడేలా చూసుకోండి. పరిధి చివరి అంచున ఉన్న సన్నని తాడు బిగువు పెరిగినప్పుడు జారుతుంది.

సీలెంట్‌గా పాలీసల్ఫైడ్ గానీ బ్యూటైల్ టేపు గానీ వాడాలి. త్రీఎం 5200 వంటి శాశ్వత జిగుళ్లను ఇక్కడ వాడకూడదు, రేపు పరికరం ఊడదీయవలసి వస్తే డెక్ పై పొరతో సహా ఊడుతుంది. మేము బ్యూటైల్ వాడాం. టేపును వేళ్లతో ముద్ద చేసి, బోల్టు మెడకు చిన్న శంఖంలా చుట్టి, పరికరం అడుగున ఒక పొర పరిచి కూర్చోబెట్టాలి. వించ్ అడుగున నీరు పోయే కాలువలుంటాయి, వాటిని మాత్రం మూసేయకూడదు.

బిగింపుకు ఇద్దరు కావాలి. పై మనిషి బోల్టు తలను కదలకుండా పట్టుకుంటే, లోపలి మనిషి నట్టును మాత్రమే తిప్పాలి. “తల తిరగనియ్యకు తమ్మీ, నేను తిప్పుతున్న” అని నేను లోపలి నుంచి ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. తల తిరిగితే మెడ చుట్టూ ఉన్న సీలెంట్ చిరిగిపోతుంది. బ్యూటైల్‌ను ఒకేసారి బిగించకుండా నాలుగైదు రోజుల పాటు రోజుకు కొంచెం చొప్పున బిగించాలి. ఎండకు అది మెత్తబడి నాలుగు వైపులా పిండుకొని వస్తుంది, వచ్చినదాన్ని ప్లాస్టిక్ ముక్కతో గీకేయాలి. లోపలి పలకకు, నట్లకు సీలెంట్ పూయకండి. నీరు ఓడితే అది కంటపడాలి, లోపల దాగకూడదు. అల్యూమినియం మాస్ట్‌కు స్టీలు బోల్టు తగిలేచోట డ్యూరాలాక్ వంటి లేపనం రాయాలి. సాగర్‌లో ఉన్నది మంచినీరే అయినా రెండు లోహాలు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది.

తాళ్లు, పరీక్ష

పాత హాలియార్డ్ ఇప్పుడు పొట్టిదవుతుంది. కొత్తదాని పొడవు మాస్ట్ ఎత్తుకు రెండింతలు, దానికి పాదం నుంచి క్లచ్ దాకా తాడు నడిచే దూరం, ఇంకా చేతికి రెండు మీటర్లు కలుపుకోవాలి. మా మాస్ట్ 8.5 మీటర్లు, దారి 3.2 మీటర్లు, మొత్తం 22.2 మీటర్లు, మేము 23 కొన్నాం. కొత్త తాడును పాతదాని కొసకు కొసను ఆనించి దారంతో కుట్టి, పైన టేపు చుట్టి, పాతదాన్ని లాగితే కొత్తది మాస్ట్‌లోంచి దానంతటదే దిగుతుంది. ఒక్కొక్క తాటికి ఒక్కొక్క రంగు ఉండాలి, చీకట్లోనూ తెలిసేలా క్లచ్‌ల మీద పేర్లు రాసుకోవాలి. పెద్ద తెరచాప హాలియార్డ్, కుదింపు తాడు పక్కపక్కనే రావాలి, ఎందుకంటే వాటిని ఒకదాని వెంట ఒకటి వాడతాం.

ఈ ఏర్పాటుకు ఒక మూల్యం ఉంది, దాన్ని దాచకూడదు. ప్రతి మలుపూ కొంత బలాన్ని తినేస్తుంది. మూడు చక్రాలు ఒక్కొక్కటి పదో వంతు చొప్పున తిన్నాయనుకుంటే చేతి బలంలో 73 శాతమే తెరచాపకు చేరుతుంది. దించేటప్పుడు అదే ఘర్షణ తెరచాపను కిందికి రానివ్వదు. అందుకే మాస్ట్ పాదం దగ్గరా, ఆర్గనైజర్‌లోనూ బాల్ బేరింగ్ చక్రాలకే డబ్బు పెట్టండి, మిగతా చోట్ల పొదుపు చేసుకోండి.

నీటిలోకి దించాక, గాలి లేని ఉదయం రేవు దగ్గరే తెరచాప ఎత్తి, వించ్‌తో పూర్తిగా బిగించి, ఒకరు లోపల టార్చిలైటుతో ప్రతి పలకనూ చూడాలి. పలక అంచున డెక్ పొంగినట్టు కనిపించినా, చిటపట శబ్దం వినిపించినా బిగువు వదిలి కారణం వెతకాలి. తర్వాత కాక్‌పిట్‌లోంచి క్లచ్ తెరవండి. తెరచాప ఎవరూ ముట్టుకోకుండా కనీసం సగానికి పైగా దానంతటదే దిగాలి. దిగకపోతే మాస్ట్ గాడిని శుభ్రం చేసి పొడి సిలికాన్ స్ప్రే కొట్టి మళ్లీ చూడాలి. మాకు మొదటిసారి దిగలేదు. ఆర్గనైజర్‌లో తాడు చెంపకు ఒరుసుకుంటోందని తేలింది, దాని కింద 4 మిల్లీమీటర్ల దిమ్మ వేయగానే సరిపోయింది. చివరగా డెక్ మీద పావుగంట పాటు నీళ్లు పోసి, లోపల ప్రతి నట్టు చుట్టూ పొడి టిష్యూ కాగితం అదిమి చూడాలి.

ఆ తర్వాత ప్రతి ఏటా వానలు మొదలయ్యే ముందు, అంటే మే చివరలో, నట్లు వదులయ్యాయేమో చూసుకొని, క్లచ్‌లను మంచినీటితో కడిగి ఆరబెట్టండి. క్లచ్ లోపలి పళ్లకు నూనె ఎప్పుడూ వేయవద్దు, తాడు జారుతుంది. తాడు క్లచ్‌లో ఎప్పుడూ పట్టుకునే చోట పీచు లేస్తుంటే, తెరచాపకు కట్టే కొసన ఒక అడుగు కోసి మళ్లీ కట్టుకుంటే ఆ చోటు మారుతుంది.